జబ్బుల మీద నిలిచిన పేర్లు

లండన్‌లో హాక్స్‌టన్ అనే పేట ఉంది. 1755లో అక్కడొక వైద్యుడి ఇంట పుట్టిన జేమ్స్ పార్కిన్సన్, తండ్రి పనే అందుకుని, పుట్టిన పేటలోనే జనానికి మందులిస్తూ, గాయాలకు కట్లు కడుతూ జీవితమంతా గడిపారు. పెద్ద ఆసుపత్రిలో కొలువు లేదు, విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవీ లేదు. శిలాజాలంటే ఆయనకు ప్రాణం. రాళ్ళలో మిగిలిపోయిన ప్రాచీన జీవుల మీద మూడు సంపుటాల గ్రంథం రాశారు. పార్లమెంటును సంస్కరించాలని, సామాన్యుడి మాటకు విలువ ఉండాలని మారుపేరుతో కరపత్రాలు కూడా రాశారు. 1794లో రాజుగారిని చంపడానికి కుట్ర జరిగిందన్న కేసులో ప్రభుత్వ పెద్దలు ఆయనను పిలిపించి, ప్రమాణం చేయించి మరీ ప్రశ్నలు వేశారు. అలాంటి మనిషికి అరవై ఏళ్ళు దాటాక, వీధిలో నడిచివెళ్ళే కొందరి మీద చూపు నిలిచింది.

1817లో ఆయన 66 పేజీల చిన్న పుస్తకం అచ్చు వేయించారు. చెయ్యి ఊరికే ఒళ్ళో పెట్టుకుని ఉన్నప్పుడు వణకడం, నడుము ముందుకు వంగిపోవడం, నడక మొదలుపెడితే ఆపుకోలేక పరుగులోకి జారిపోవడం, ఇవన్నీ వేటికవి వేరువేరు బాధలని అప్పటిదాకా అనుకునేవారు. ఒకే జబ్బు ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతూ ఇన్ని రూపాల్లో బయటపడుతోందని ఆ పుస్తకంలో పార్కిన్సన్ రాశారు. అందుకు ఆయన చూపించిన రోగులు ఆరుగురే. ఆ ఆరుగురిలోనూ ముగ్గురు ఆయన దగ్గరికి మందుకోసం వచ్చినవాళ్ళు కారు. ఇద్దరు వీధిలో తారసపడ్డారు, వాళ్ళను ఆపి పలకరించారు. మూడో ఆయనను పలకరించే వీలు కూడా దొరకలేదు, దూరం నుంచి చూశారు, అంతే.

ఆ దూరం నుంచి చూసిన మనిషి గురించి పార్కిన్సన్ రాసింది నేను ఎన్నిసార్లు చదివానో! ఆయన వెంట ఒక సహాయకుడు ఉండేవాడు. సహాయకుడు ఎదురుగా నిలబడి, ఆయన రెండు భుజాల మీదా చేతులు వేసి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపేవాడు. ఒళ్ళు నిలదొక్కుకుందని తోచగానే పెద్దమనిషి ఒక మాట అనేవాడు. వెంటనే సహాయకుడు పక్కకి తప్పుకుని ముందుకు పరిగెత్తేవాడు. ఎందుకంటే ఈయన కూడా పరుగే తీస్తాడు, నడవలేడు. ఇరవై అడుగులు వెళ్ళాక పడబోతాడు. పడకుండా పట్టుకోవడానికి ఆ సహాయకుడు అక్కడ సిద్ధంగా ఉండాలి. ఇంతే కథ. నాడి చూడలేదు, ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు. కానీ నరాల జబ్బుల వార్డులో పనిచేసిన ఎవరికి వినిపించినా, ఇది ఏ జబ్బో తడుముకోకుండా చెప్పేస్తారు. పరీక్షగా చూడడం అంటే ఏమిటో వైద్య విద్యార్థులకు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఈ కథే చెప్పేవాణ్ణి.

పార్కిన్సన్ ఆ జబ్బుకు తన పేరు పెట్టుకోలేదు. వణుకుతో వచ్చే పక్షవాతం అన్నారు. ఆయన 1824లో కన్నుమూశారు. ఆయన బొమ్మ ఒక్కటి కూడా మనకు మిగలలేదు. దాదాపు యాభై ఏళ్ళ తరవాత పారిస్‌లో నరాల వైద్యానికి పెద్దదిక్కైన షార్కో, ఇందులో నిజమైన పక్షవాతం లేదు, అందరికీ వణుకూ ఉండదు, కాబట్టి ముందుగా దీన్ని చూసిన పార్కిన్సన్ పేరే దీనికి ఉండాలన్నారు. ఇంగ్లండు వైద్యుడికి ఫ్రెంచి వైద్యుడు ఇచ్చిన గౌరవం అది. ఇప్పుడు ఏటా పార్కిన్సన్ పుట్టినరోజైన ఏప్రిల్ 11ను ప్రపంచమంతా ఆ జబ్బు గురించి చెప్పుకునే రోజుగా పాటిస్తోంది.

జబ్బులకు వైద్యుల పేర్లు వచ్చిన తీరు చూస్తే, గొప్ప పేర్లన్నీ దాదాపు ఇలాగే మరొకరి నోట వచ్చినవే. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది హాడ్కిన్ కథ. థామస్ హాడ్కిన్ లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో, చనిపోయినవారి అవయవాలను భద్రపరిచే ప్రదర్శనశాలను చూసుకునేవారు. మెడలో, చంకల్లో బిళ్ళలు కట్టి, ప్లీహం పెరిగి చనిపోయిన కొందరి గురించి 1832లో ఒక వ్యాసం రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఆయన క్వేకర్ మతస్థుడు. బానిసత్వానికి విరోధి. ఉత్తర అమెరికాలో వ్యాపార కంపెనీలు అక్కడి ఆదిమజాతుల పట్ల చేస్తున్న అన్యాయం గురించి గట్టిగా మాట్లాడారు. ఆసుపత్రి ఖజానా చేతిలో ఉన్న పెద్దమనిషికి ఆ మాటలు నచ్చలేదు. 1837లో రావలసిన సహాయ వైద్యుడి పదవి హాడ్కిన్‌కు రాలేదు. ఆయన ఆసుపత్రినే వదిలి వెళ్ళిపోయారు.

ఇరవై ఏళ్ళు గడిచాక అదే ఆసుపత్రిలో సామ్యూల్ విల్క్స్ అనే యువ వైద్యుడు అవే లక్షణాలను మళ్ళీ గమనించి, మొదట కనిపెట్టింది తానే అనుకున్నారు. అంతలో పాత పుస్తకాల్లో హాడ్కిన్ వ్యాసం ప్రస్తావన కంటపడింది. అప్పుడు విల్క్స్ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. 1865లో మరిన్ని కేసులు చేర్చి కొత్త వ్యాసం రాస్తూ, దాని శీర్షికలోనే 'హాడ్కిన్ వ్యాధి' అని పెట్టారు. కావాలంటే అది విల్క్స్ వ్యాధి అయి ఉండేది. ఆ మరుసటి ఏడు, 1866లో, హాడ్కిన్ పాలస్తీనాలోని జాఫాలో జిగట విరేచనాలతో చనిపోయారు.

ఆ కథకు ఇంకో తోక ఉంది. హాడ్కిన్ వ్యాధిని సూక్ష్మదర్శినిలో గుర్తుపట్టడానికి ఒక ప్రత్యేకమైన పెద్ద కణం ఆధారం. దాన్ని రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం అంటారు. ఇందులో రీడ్ ఒక స్త్రీ, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో పనిచేసిన డొరొతీ రీడ్. ఇది క్షయ రూపం కాదు, వేరే జబ్బేనని 1902లో ఆమె నిరూపించారు. ఆడవాళ్ళకు అక్కడ పై పదవులు రావని తెలిశాక ఆ పరిశోధన వదిలేసి, తల్లీబిడ్డల ఆరోగ్యం వైపు వెళ్ళిపోయారు. అక్కడా గొప్ప పనే చేశారు. అయినా ఆ కణం గురించి ఆమె ఇంకా ఏం చెప్పి ఉండేవారో అన్న బాధ నాకు పోదు.

ఇక జబ్బుల సంగతి పక్కన పెట్టి, జబ్బు ఆనవాళ్ళ దగ్గరికి వద్దాం. వాటికీ వైద్యుల పేర్లే. వార్డులో రోజూ వినిపించేది బాబిన్‌స్కీ పేరు.

జోసెఫ్ బాబిన్‌స్కీ పోలండు నుంచి ప్రవాసం వచ్చిన దంపతులకు 1857లో పారిస్‌లో పుట్టారు. షార్కో శిష్యుడు. 1896లో ఆయన వైద్యుల సభకు ఇచ్చిన నివేదిక అచ్చులో 28 పంక్తులు. ఆ పరీక్ష ఇప్పుడు చేసే తీరు ఇదీ. రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి. కాలు వదులుగా ఉండాలి. మొద్దుగా ఉన్న మొనతో, అంటే సుత్తి పిడి చివరతోనో తాళంచెవితోనో, మడమ దగ్గర మొదలుపెట్టి, అరికాలు బయటి అంచు వెంట మెల్లగా గీస్తూ, చిటికెనవేలి మొదలు దాకా వెళ్ళి, అక్కణ్ణించి బొటనవేలి వైపు తిప్పండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైతే వేళ్ళన్నీ కిందికి ముడుచుకుంటాయి. మెదడు నుంచి వెన్నుపాము గుండా కాలికి ఆజ్ఞలు మోసుకొచ్చే దారి దెబ్బతింటే బొటనవేలు నిదానంగా పైకి లేస్తుంది, మిగతా వేళ్ళు విడివడతాయి. నడక రాని పసిపిల్లల్లో ఆ దారి ఇంకా పూర్తిగా తయారు కాదు కనుక వాళ్ళ బొటనవేలు పైకి లేవడం సహజమే, తల్లులు భయపడనక్కర్లేదు.

ఆ రోజుల్లో కాళ్ళు పడిపోయాయని వచ్చిన మనిషికి నిజంగా నరాల్లో దెబ్బ ఉందా, మనసులో కలత వల్ల అలా అవుతోందా తేల్చడం కష్టంగా ఉండేది. స్కానింగు యంత్రం లేదు, ఎక్స్‌రే అప్పుడే పుట్టింది. ఎంతోమంది ఆడవాళ్ళను హిస్టీరియా అని తేలిగ్గా తీసిపారేసేవారు. వేలు అలా పైకి లేవడాన్ని మనిషి బూటకంగా చేసి చూపలేడు, దాచనూ లేడు. ఆ ఒక్క గీతతో 'ఇది నటన కాదు, నిజమైన జబ్బు' అని రోగి తరఫున సాక్ష్యం చెప్పగలిగారు. ఎమ్.ఆర్.ఐ. యంత్రాలున్న ఆసుపత్రుల్లో కూడా ఇప్పటికీ రోగి మంచం దగ్గర ఆ గీత గీస్తూనే ఉన్నారు. గీయాలి కూడా.

కంటిపాపకు సంబంధించిన ఆనవాలు ఒకటి చెప్పి ముందుకు వెళతాను. వెలుతురు పడితే పాప చిన్నదవ్వాలి, దగ్గరి వస్తువు చూసినా చిన్నదవ్వాలి. సిఫిలిస్, మన పెద్దలు సవాయి అనేవారు చూడండి, అది నరాలకు పాకినప్పుడు దీపానికి కదలని పాప దగ్గరి వస్తువుకు మాత్రం చిన్నదవుతుంది. దీన్ని 1869లో ఎడిన్‌బరో కంటివైద్యుడు డగ్లస్ ఆర్గిల్ రాబర్ట్‌సన్ వివరించారు. ఆయన ప్రాణం పోయింది మన దేశంలోనే. 1909లో గుజరాత్‌లోని గోండల్ సంస్థానానికి, ఎడిన్‌బరోలోనే వైద్యం చదివిన ఠాకూరుగారికి అతిథిగా వచ్చి, అక్కడే కన్నుమూశారు.

కొందరు ఆనవాలును తమ ఒంటి మీదే చూసుకోవాల్సి వచ్చింది. పారిస్ వైద్యుడు త్రూసో, రక్తనాళాల్లో కారణం లేకుండా గడ్డలు కడుతూ, ఒకచోట తగ్గి మరోచోట లేస్తుంటే లోపల ఎక్కడో కేన్సర్ దాగి ఉందని అనుమానించమని శిష్యులకు పాఠం చెప్పారు. 1867లో తన సిరలోనే అలాంటి గడ్డ కనిపించింది. తనకిక ఆశ లేదని శిష్యుడికి చెప్పేశారు. ఆ ఏడే కడుపు కేన్సర్‌తో పోయారు. దక్షిణాఫ్రికా గుండె వైద్యుడు లియో షామ్రాత్ కథ అంత విషాదం కాదు. మన వైద్య విద్యార్థుల చేతుల్లో ఏళ్ళ తరబడి నలిగిన ఇ.సి.జి. పుస్తకం రాసింది ఆయనే. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు ఆయన వేళ్ళ చివర్లు ఉబ్బాయి. రెండు చేతుల్లోని ఒకే వేలిని మడిచి, గోరుకు గోరు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, గోళ్ళ మొదట్లో వజ్రం ఆకారంలో చిన్న సందు కనిపించాలి. తన వేళ్ళ మధ్య అది మూసుకుపోవడం ఆయన గమనించారు. జబ్బు నయమవుతున్నకొద్దీ మళ్ళీ తెరుచుకోవడమూ చూసి 1976లో ప్రచురించారు. ఊపిరితిత్తుల, గుండె జబ్బులను అనుమానించడానికి ఖర్చు లేని పరీక్ష అది. ఈ ప్రసంగం వింటూ మీరంతా వేళ్ళు కలిపి చూసుకుంటూ ఉంటారని నాకు తెలుసు. సందు కనిపించకపోతే కంగారుపడకండి, ఒకసారి డాక్టరుకు చూపించండి.

తెలిసి తెలిసి జబ్బును ఒంట్లోకి ఎక్కించుకున్నవాడు డేనియల్ కారియోన్. పెరూ దేశం. అక్కడ 1870లలో ఆండీస్ కొండల్లోకి, ఓరోయా అనే చోటికి రైలుమార్గం వేస్తుంటే వేలమంది కూలీలు భయంకరమైన జ్వరంతో, నెత్తురు విరిగిపోయి చనిపోయారు. అదే కొండల్లో మరో జబ్బు ఉంది. ఒంటి మీద ఎర్రటి పులిపిరులు లేస్తాయి, మనిషి చావడు. ఈ రెండూ ఒకటేనా, వేరువేరా? ఎవరికీ తెలియదు. లిమా నగరంలో కారియోన్ ఇంకా వైద్య విద్యార్థి. 1885 ఆగస్టు 27న ఆసుపత్రిలో ఒక రోగి పులిపిరిలోని నెత్తురును తన చేతుల్లోకి ఎక్కించుకున్నాడు. వద్దని గురువులు, స్నేహితులు ఎంత చెప్పినా వినలేదు. మూడు వారాలకు జ్వరం వచ్చింది. వచ్చింది పులిపిరుల జబ్బు కాదు, ఓరోయా జ్వరం. అంటే రెండూ ఒకటే. ఒంట్లో రోజురోజుకీ ఏం జరుగుతోందో తానే రాసుకుంటూ వచ్చాడు. చెయ్యి ఆడనప్పుడు స్నేహితులను రాయమన్నాడు. అక్టోబరు 5న, 39వ రోజున, ప్రాణం పోయింది. ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. దాన్ని ఇప్పుడు కారియోన్ వ్యాధి అంటున్నారు. పెరూలో అక్టోబరు 5 వైద్య దినోత్సవం. ఆ కుర్రవాడు అలా చేసి ఉండాల్సింది కాదని నాకు అనిపిస్తుంది. కానీ పందెం కాసింది తన ప్రాణాన్ని, మరొకరిది కాదు. ఆ తేడా చాలా పెద్దది.

ఎంత పెద్దదో నార్వేలోని బెర్గెన్ ఊరి కథ చెబుతుంది. కుష్ఠు వంశపారంపర్యంగా వస్తుందని పెద్ద పెద్ద వైద్యులే నమ్ముతున్న కాలంలో, 1873లో, గెర్హార్డ్ ఆర్మౌవర్ హాన్సెన్ రోగుల కణజాలంలో సూక్ష్మక్రిమిని చూశారు. స్వయంగా ఆయన మామగారే వంశపారంపర్య వాదానికి నాయకుడు. కుష్ఠు పాపఫలం కాదు, రక్తదోషం కాదు, ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు అని చెప్పిన ఆ చూపు లోకానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి తెరిచిన నాటికి మన పల్లెల్లో ఈ రోగులను ఊరి బయటికి నెట్టేసేవారని పెద్దలు చెప్పగా విన్నాం. ఆ వెలివేతను తగ్గించడానికే చాలా దేశాల్లో ఇప్పుడు హాన్సెన్ వ్యాధి అంటున్నారు.

కానీ క్రిమిని చూపించడం చాలక, అది అంటుకుంటుందని రుజువు చెయ్యాలన్న ఆత్రంలో హాన్సెన్ ఒక తప్పు చేశారు. 1879లో, ఆసుపత్రిలో ఉన్న ఒక రోగి కంట్లోకి, ఆమెను అడగకుండా, ఆమెకు చెప్పకుండా, మరో రోగి నుంచి తీసిన పదార్థం అంటిన కత్తి గుచ్చారు. ఆమె ఊరుకోలేదు. కేసు కోర్టుకెక్కింది. 1880లో ఆసుపత్రి వైద్యుడి పదవి నుంచి హాన్సెన్‌ను తీసేశారు. రోగి ఒప్పుకోకుండా ఆమె ఒంటి మీద ప్రయోగం చెయ్యకూడదని అంత పెద్ద శాస్త్రజ్ఞుడికి కోర్టు చెప్పింది. ఆయన చేసిన మేలు చెప్పేటప్పుడు ఈ మాట దాచిపెట్టకూడదని నా అభిప్రాయం.

హాన్సెన్ పేరు నిలిచింది. నిలవకూడని పేరు ఒకటి తీసేశారు. కీళ్ళ వాపు, కళ్ళ మంట, మూత్రనాళం మంట కలిసి వచ్చే జబ్బును నేను చదువుకునే రోజుల్లో రైటర్ సిండ్రోమ్ అనేవాళ్ళం. హాన్స్ రైటర్ జర్మన్ వైద్యుడు, 1916లో యుద్ధరంగంలో ఒక సైనికాధికారిలో ఆ లక్షణాలు చూసి రాశాడు. అతడు తరవాత హిట్లర్‌కు విధేయుడై, నాజీ ప్రభుత్వ ఆరోగ్యశాఖలో పెద్ద పదవిలో కూర్చున్నాడు. బూహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో ఖైదీల ప్రాణాలు తీసిన టైఫస్ ప్రయోగాలతో అతడికి సంబంధం ఉంది. 1942లో అమెరికాలో ఆ జబ్బుకు రైటర్ పేరు సూచించిన ఇద్దరిలో ఒకరు ఎఫ్రాయిమ్ ఎంగిల్‌మన్. ఆయన అరవై అయిదేళ్ళ తరవాత, 2007లో, ఆ సూచనను వెనక్కి తీసుకుంటున్నామని మరికొందరితో కలిసి సంతకం చేశారు. ఇప్పుడు దాన్ని రియాక్టివ్ ఆర్థ్రైటిస్ అనే అంటున్నారు. ఒక వయోవృద్ధుడు తన యవ్వనంలో పెట్టిన పేరును తానే చెరిపేయడం మంచి పని. పేరు ఒక గౌరవం అయినప్పుడు, అర్హత లేనివాడి నుంచి దాన్ని తీసుకునే హక్కు వైద్యలోకానికి ఉండి తీరాలి.

మన తెలుగువారి పేరు ఎక్కడైనా ఉందా అని అడుగుతారు. ఉంది. కాకపోతే జబ్బు మీద లేదు, పరీక్ష మీద ఉంది. భీమవరంలో పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి చదివి, అందుకు ఎమ్.బి.బి.ఎస్. పట్టా పోగొట్టుకుని, ఎల్.ఎమ్.ఎస్.తో సరిపెట్టుకుని అమెరికా వెళ్ళారు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. జీవరసాయన ప్రయోగశాలల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటే తెలియనివారు ఉండరు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. తరవాత లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం అలాంటి రోగుల రక్తహీనతను నయం చేసింది. వాళ్ళే తయారుచేసిన ఎమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సర్ వచ్చిన పిల్లలకు తొలిసారి కొంత ఊరట ఇవ్వగలిగారు. సుబ్బారావు 1948లో పోయారు. ఆయన పేరు మన బడి పిల్లలందరికీ తెలిసి ఉండాల్సింది.

మద్రాసు మాట వచ్చింది కాబట్టి అక్కడే ఇంకొంచెం ఆగుదాం. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జనరల్ ఆసుపత్రి ఉంది కదా, మన వాళ్ళు ఎందరో వైద్యానికి వెళ్ళిన చోటు. 1903లో అక్కడ పనిచేస్తున్న వైద్యుడు చార్లెస్ డోనవన్, కలకత్తాలో పుట్టిన ఐరిష్ మనిషి. అప్పట్లో కడుపులో బల్ల పెరిగి, జ్వరం వదలక, నల్లబడి శుష్కించిపోయి చనిపోయే రోగులను మలేరియా ఖాతాలో వేసేవారు. ఇంగ్లండులో విలియం లీష్మన్, కలకత్తా దగ్గరి డమ్‌డమ్ నుంచి వచ్చి చనిపోయిన ఒక సైనికుడి ప్లీహంలో వింత కణికలు చూసి, ఆ ఏడు మే నెలలో ప్రచురించారు. డోనవన్ అవే కణికలను చనిపోయినవారిలో అప్పటికే చూసి ఉన్నారు. జూన్ 17న బతికి ఉన్న ఒక కుర్రాడి ప్లీహంలోకి సూది పంపి, తీసిన బొట్టులోనూ చూశారు. శవం కుళ్ళినందువల్ల పుట్టినవి కావు, ప్రాణమున్న మనిషిని లోపల తొలిచేస్తున్న పరాన్నజీవులే అని దాంతో తేలింది. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా జాడ పట్టిన రోనాల్డ్ రాస్, ఇద్దరికీ న్యాయం చేస్తూ దానికి లీష్మానియా డోనవానీ అని పేరు పెట్టారు. మనం కాలా ఆజార్ అనే జబ్బు అదే.

లీష్మన్ పేరూ డోనవన్ పేరూ ప్రతి పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. సూది గుచ్చించుకున్న ఆ మద్రాసు కుర్రాడి పేరు పాఠ్యపుస్తకాల్లో కనిపించదు. ఈ పేర్లన్నిటి వెనకా అలాంటివాళ్ళు ఉన్నారు.

ఒకామె పేరు మాత్రం మనకు దక్కింది. ఆగస్టె డేటర్. 1901 నవంబరులో, 51 ఏళ్ళ వయసులో, ఆమెను ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక చికిత్సాలయంలో చేర్చారు. అలోయిస్ ఆల్జైమర్ అనే వైద్యుడు ఆమె ఎదుట కూర్చుని ఒక్కొక్క ప్రశ్నే అడిగారు. మీ పేరేమిటి? ఆగస్టె. మీ భర్త పేరు? అదీ ఆగస్టె అనే చెప్పింది. మధ్యాహ్నం భోజనానికి గోబీపువ్వు, పంది మాంసం తింటోంది. ఏం తింటున్నారని అడిగితే పాలకూర అంది. పేరు రాయమంటే మొదలుపెట్టి సగంలోనే మరిచిపోయింది. ఆల్జైమర్ దిద్దలేదు, విసుక్కోలేదు. ఆమె అన్నది అన్నట్టు రాసుకున్నారు. 1903లో ఆయన మ్యూనిక్ వెళ్ళిపోయినా ఆమెను మరిచిపోలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె చనిపోతే మెదడును తెప్పించుకుని సూక్ష్మదర్శిని కింద చూసి, కణాల మధ్య పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడ్డ పోగులను కనిపెట్టారు. ఆ నవంబరులో ట్యూబింగెన్ సభలో చెబితే ఒక్కరూ ప్రశ్న వెయ్యలేదు. 1910లో ఆయన పెద్ద, క్రెపెలిన్, తన గ్రంథంలో దానికి ఆల్జైమర్ వ్యాధి అని రాశారు.

ఆగస్టె కేసు కాగితాలు ఎక్కడో పోయాయని అంతా అనుకున్నారు. 1995లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రి నేలమాళిగలో నీలిరంగు అట్ట మధ్య దొరికాయి. ఆల్జైమర్ చేతిరాత, ఆమె సగంలో ఆపేసిన చేతిరాత, ఆమె ఫొటో, అన్నీ ఉన్నాయి. తొంభై ఏళ్ళ తరవాత చదివినా ఆమె గొంతు వినిపిస్తుంది. కారణం, ఒక వైద్యుడు ఆమె మాటలను ఆమె మాటల్లోనే రాశాడు.

ఈ ప్రసంగం వింటున్న వైద్య విద్యార్థులకు, యువ డాక్టర్లకు నాదొక విన్నపం. రేపు ఉదయం వార్డుకు వెళ్ళినప్పుడు మొదటి మంచం దగ్గర కుర్చీ లాక్కుని కూర్చోండి. రోగి ఏమంటున్నారో ఇంగ్లీషులోకి మార్చేయకుండా, 'నరం గుంజుతోంది', 'గుండెల్లో మంటగా ఉంది', 'కాలు నాది కానట్టుంది' అన్నది అన్నట్టుగా తెలుగులో కేసు షీటులో రాయండి. అరికాలు మీద గీత గీయండి, గోళ్ళు చూడండి, నాలుగడుగులు నడిపించి చూడండి. ఆ తరవాతే స్కానింగుకు చీటీ రాయండి.